మచ్చలేని నీలం

"రాయి కోసం ఇంకా లొల్లేంది?" అని నవ్వినవాళ్లే తప్ప, చార్మినార్ దగ్గర నా మాట ఇన్నేళ్లుగా ఎవరూ చెవిన పెట్టలేదు.

అక్కడ నేను అన్నా అని పిలిచే రత్నాల వ్యాపారి ఒకాయన ఏ నీలాన్నైనా ముందు తన కంటిరెప్పకు ఆనించుకునేవాడు. "అసలుది సల్లగ తగుల్తది. గాజు జల్ది వేడెక్కుతది" అనేవాడు. మా బాపు ఉంగరంలోని నీలాన్ని లెన్సులో చూసి, లోపల పట్టుదారంలాంటి తెల్లటి గీతలు కనిపిస్తే మురిసిపోయి నాకూ చూపించాడు.

"గివి భూమిల పుట్టిన గుర్తులు తమ్మీ. మచ్చలేని రాయిని నమ్మకు."

బాపు పోయాక, ఆ ఉంగరాన్ని నా వేలికి సరిచేయమని ఆయనకే ఇచ్చాను. తిరిగి ఇచ్చిన రోజు ఆయన దాన్ని రెప్పకు ఆనించలేదు. కాగితంలో చుట్టి, నా మొహం చూడకుండా చేతిలో పెట్టాడు. అక్కడే లెన్సు అడిగి తీసుకుని చూశాను. లోపల ఒక్క గీత లేదు.

"గీతలేవన్నా?"

"సాఫ్ చేసిన. ఖుష్ గావాలె గని!"

"లోపలి గీతలు కడిగితే పోతయా?"

"చాయ్ తాగుతవా తమ్మీ?"

నేటికీ ఆ దుకాణం మెట్టెక్కితే చాయే తెప్పిస్తాడు. నాకు చాయ్ వద్దు, అన్నా. ఈ రాయిని ఒక్కసారి నీ రెప్పకు ఆనించుకొని, ఇది మా బాపుదేనని చెప్పు.