సముద్రపు నీళ్ళ పీపా

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారు గాజు తొట్టిలో సముద్రపు చేపలను పెంచేవాడు. నీళ్ళు మద్రాసు నుంచి పీపాల్లో రైలెక్కి వచ్చేవి. వారం వారం ఆయన తొట్టినీళ్ళు దోసిట్లోకి తీసుకుని వాసన చూసి, నాలుగోవంతు తోడేసి కొత్తవి పోసేవాడు.

"తేటగానే ఉండాయి కదా సార్, ఎందుకు మార్చేది?" అని పక్కగదిలో వృక్షశాస్త్రం చెప్పే నేను ఒకసారి అడిగినా.

"కంటికి తేటేనప్పా. చేపలు తినింది, విడిచింది అంతా దాంట్లోనే ఉండాది. సముద్రమైతే మోసుకుపోతాది. ఈడ మోసేది నేనే."

ఆ ఎండాకాలం రైల్లో రావాల్సిన పీపాలు రాలేదు. మిగిలిన ఒక్క పీపానే వారాలకు సర్దుకుంటూ, చేపలకు మేత కూడా తగ్గించినాడు. అంతలో కాలేజీకి మంత్రి వచ్చినాడు. ఆయన వెంట వచ్చిన జనం చేపలను చూసి ముచ్చటపడి, గుప్పెళ్ళతో బొరుగులు చల్లినారు. అవి నానిపోయి సాయంత్రానికి తొట్టి కలినీళ్ళలా తెల్లబడింది. మాస్టారు పీపా దగ్గరికి పరుగెత్తినాడు. దాని నిండా మంచినీళ్ళున్నాయి. వచ్చినవాళ్ళ దాహానికని ప్రిన్సిపాలే సముద్రపు నీళ్ళు పారబోయించి, పీపా కడిగించి నింపించినాడు.

"ఉప్పునీళ్ళే కదప్పా! మనుషులకే తాగేదానికి లేకుంటే చేపలకు దాచేదా?" అన్నాడు ప్రిన్సిపాలు.

తెల్లారేసరికి చేపలన్నీ తేలినాయి. మాస్టారే వాటిని ఫార్మలిన్ సీసాల్లో పెట్టి, పేర్లు రాసి అతికించినాడు.

ఆ తర్వాత ఎవరొచ్చినా ప్రిన్సిపాలు ఆ సీసాలే చూపించేవాడు.

"శానా బాగుండాయి కదా? నీళ్ళు మార్చే పని కూడా లేదు."

పక్కనే నిలబడి మాస్టారు, "అవున్సార్" అనేవాడు.