ఓణీల ఫంక్షనులో ఆపిన పైపులైను

ఉద్యోగంలో నా చివరి పోస్టింగు వెనిజులాలో, ఒరినోకో నది పక్కనున్న చమురు క్షేత్రంలో. హోదా ప్రొడక్షన్ ఇంజనీరు. భూమి కింద అంత ముడిచమురు ఇంకెక్కడా లేదని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పేవారు. పైన పెట్రోలు బంకుల ముందు క్యూలు కూడా ఆ స్థాయిలోనే ఉండేవి. పేరు గొప్ప ఊరు దిబ్బ.

ఆ చమురు బెల్లం ముదురుపాకంలా ఉంటుంది. నాఫ్తా అనే పలచని నూనె కలిపితేగాని పైపులో కదలదు. దాని పాళ్ళు మార్చాలంటే ప్రొడక్షన్ ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, సెలవులో ఉన్నా సరే.

ఒక సాయంత్రం, సెలవులో వచ్చి, నేను రొంపిచెర్లలో మా చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షనులో ఉన్నాను. మేనమామని కాబట్టి పట్టుబట్టల పళ్ళెంతో స్టేజీ మీద నిలబడ్డాను. అప్పుడు ఫీల్డు మేనేజరు ఫోను చేశాడు. నాఫ్తా ఓడ రాలేదట, ట్యాంకులో అడుగున కాస్త మిగిలిందట. మర్నాడు మంత్రి వస్తున్నాడు, పంపులు తిరుగుతూ కనబడాలి, అందుకని నాఫ్తా సగానికి తగ్గిస్తాం, సరేనని మెసేజ్ పెట్టు అన్నాడు. నా కాంట్రాక్టు రెన్యువలు దగ్గర పడిందని కూడా గుర్తుచేశాడు. మహా మతిమరుపు మనిషి, అదొక్కటి మాత్రం మరిచిపోలేదు.

సగం నాఫ్తాతో నడిపితే చమురు లైనులోనే బిగుసుకుంటుంది. మైళ్ళకొద్దీ పైపు కోసి పారెయ్యాలి. కాదంటే ఈ వయసులో నన్ను మళ్ళీ ఎవరు పిలుస్తారు? భయమేసింది.

చెల్లెలి మొగుడు చేతిలో మైకుందని మరిచిపోయి హాలంతా వినబడేలా అన్నాడు: “ఏంది బావా, ఆడ నూనె గడ్డకడితే ఈడ అక్షింతలు ఆపాలా? అవునో కాదో చెప్పి రా. జనం చానాసేపట్నుంచి ఆకలిమీదున్నారు.”

పళ్ళెం ఆయన చేతిలో పెట్టి టైపు చేశాను: ‘ఒప్పుకోను. బావులు ఆపి, మిగిలిన నాఫ్తాతో లైను కడగండి.’ ఒక కాపీ హెడ్డాఫీసుకు పంపాను. మేనేజరు ఆపింది ఆ కాపీ చూసే, నా మీద గౌరవంతో కాదు.

మంత్రి ఆగిన పంపు పక్కన ఫోటో దిగాడు. ఓడ వచ్చాక లైను ఇబ్బంది లేకుండా కదిలింది, ఆ ఘనతకు మేనేజరుకు సన్మానం చేశారు. నా కాంట్రాక్టు పొడిగించలేదు. అక్కడ వదిలొచ్చిన నా బూట్లు కొరియరులో వచ్చాయి, అడుగున చమురు రాయిలా బిగుసుకుపోయి ఉంది. కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

నేర్చుకున్నది ఇంతే. ఆపిన లైనును మళ్ళీ నడపొచ్చు, బిగుసుకున్నదాన్ని నడపలేం. వద్దనే మాట ఫోనులో చెప్పకూడదు. రాసి, పైవాడికి కాపీ పెట్టాలి.