ఈల ఊదినా దాక్కోలేదు

నాకు సంతకం దాకానే వచ్చు. అందుకే నోటితో చెప్తా ఉండాను. నా మాట మెత్తగా మార్చొద్దని రాసే తల్లికి ముందే చెప్పినాను. వాని మీద నా కోపం ఇంకా చల్లారలేదు. చల్లారనియ్యను కూడా.

హోసూరు నుంచి డెంకణికోట పోయే దోవలో, రోడ్డుకు కొంచెం లోపల, వాని గులాబీ తోట ఉంది. తోట అంటే ఆకాశం కింద ఉండేది కాదు. ఇనుప కమ్ముల మీద తెల్ల ప్లాస్టిక్ కప్పిన పెద్ద పెద్ద షెడ్లు. పక్కలకంతా ప్లాస్టిక్ పరదాలు ఉంటాయి. పిడి తిప్పితే పైకి చుట్టుకుంటాయి, లోపలికి గాలి వస్తుంది. దించేస్తే అది ఇడ్లీ పాత్ర.

నా మొగుడు పోయినాక పని అడిగేదానికి ఆడికి పోయినాను. ఓనరు కుర్చీలో కూర్చొని అడిగినాడు.

"మొగుడుండాడా?"

"లేడు సామీ. పోయినాడు."

"అయితే రేపటి నుంచి రా."

పూలు కొయ్యను వచ్చునా, మందు కొట్టను వచ్చునా అని ఒక్క మాట అడగలేదు. ఇదేందబ్బా, మొగుడు చస్తే ఉద్యోగమా అనుకున్నాను. లోపలికి పోయి చూస్తే ఆడోళ్లంతా దాదాపు నా మాదిరోళ్లే. మేస్త్రీ నవ్వుతా చెప్పినాడు. "తలలో పువ్వు పెట్టుకునేదాన్ని పనికి పెడితే రోజూ ఒకటి కొప్పులో దోపుకొని పోతుందమ్మా. మీతో ఆ బాధ లేదు గదా."

అట్లా పూల కాడ మేము వానికి శుభం. వాని కారు ముందర మాత్రం అశుభం. వాని ఇల్లు తోటలోనే. వాడు బయటికి బయలుదేరినా, పూల వ్యాను బెంగళూరుకు కదిలినా, మేస్త్రీ ఈల ఊదుతాడు. ఈల వినపడితే మేము యాడుండేవాళ్లం ఆడనే వదిలేసి షెడ్డు వెనక్కి పోవాల. విధవ ఎదురు రాకూడదు. మొదటి రోజు నాకు తెలీక, బువ్వకు పిలిచినారనుకొని క్యారియర్ పట్టుకొని గబగబా గేటు కాడికే పోయినాను. మేస్త్రీ నా రెక్క పట్టుకొని మేకను లాగినట్ల లాగినాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు నాకు కారంగా ఉంటుంది.

నా తోడికోడలు, అంటే నా మరిది పెండ్లాం, నా వెనకాలే వచ్చి చేరింది. దానికి మొగుడుండాడు. పనికి వచ్చినంత కాలం పువ్వు పెట్టనని ఒట్టు వేయించుకొని ఓనరు చేర్చుకున్నాడు. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. పది మందికి ఒక్కతే రాగి సంగటి గెలికే చెయ్యి దానిది.

ఎండలు ముదిరినాయి. పక్కనే రాళ్ల క్రషరు ఉంది, గాలి తోలితే దుమ్ము పూల మీద పడుతుందని ఓనరు పరదాలు దించేయమన్నాడు. పూల మీద దుమ్ము ఉంటే బెంగళూరులో రేటు రాదంట. లోపల ఊపిరి పీలిస్తే ముక్కు కాలుతుంది. ఇనుప కమ్మి తగిలితే చెయ్యి చురుక్కుమంటుంది. ఒకామె కక్కుకుంది, ఇంకొకామెకు పిక్కలు పట్టేసినాయి. "ఒక పక్కన్నా చుట్టప్పా" అని మేస్త్రీని బతిమాలితే, "నా పనికి ఎసరు పెట్టొద్దండమ్మా" అన్నాడు.

ఒక రోజు మిట్టమధ్యాహ్నం నా తోడికోడలు కత్తెర కింద పడేసి, "అక్కా, వాన పడతా ఉంది, బట్టలు తీయి" అంది. వాన యాడిది? దాని ఒళ్లు ముట్టుకుంటే పెనం. చుక్క చెమట లేదు. చూస్తా ఉండగానే గులాబీ చెట్ల మీద బోర్లా పడింది. ముండ్లు మొహమంతా గీరినాయి, అది అబ్బా అనను కూడా లేదు.

ఎత్తుకొని కోల్డ్ రూం కాడికి పరిగెత్తినాము. కోసిన పూలను బకెట్లలో పెట్టి వాడిపోకుండా దాచేది ఆ రూములోనే. బయట నిలబడినా తలుపు సందులోంచి చల్లగా తగులుతుంది. ఓనరు వచ్చి తలుపుకు అడ్డం నిలబడినాడు.

"కొంచెం సేపు సామీ. ఆ చల్లని నేల మీద పండుకోబెడతాము."

"తలుపు తీస్తే పూలకు వేడి తగులుతుంది. విచ్చుకుంటాయి."

"మనిషి సామీ!"

"నీళ్లు చల్లండమ్మా. పొద్దున ఏమీ తినకుండా వచ్చి ఈడ పడతారు. నాటకాలు."

షేర్ ఆటోలో దాని తల నా ఒడిలో పెట్టుకొని హోసూరు ఆసుపత్రికి తీసుకుపోయినాము. వడదెబ్బ అన్నారు. బతికింది. కానీ కుడి చెయ్యి వణుకుతుంది. పొయ్యి అంటిస్తే లేచి వీధిలోకి పోతుంది. సంగటి కట్టె దాని చేతిలో నిలవదు.

నేను మళ్లీ పనికి పోయినాను. పని కోసరం కాదు.

ఈల ఊదినారు. ఆడోళ్లంతా వెనక్కి పోయినారు. నేను గేటు కాడికి పోయి నడిమధ్యన నిలబడినాను. కారు వచ్చింది, నన్ను చూసి ఆగింది. వెనక్కి పోయింది. వాడు దిగి కాళ్లు కడుక్కొని, కాసేపు కూర్చొని, మళ్లీ బయలుదేరినాడు. నేను ఆడనే ఉండాను.

"ఏమే, ఈల వినపడలేదా?"

"వేడికి చెవులు మూసుకుపోయినాయి సామీ."

రేపటి నుంచి రావద్దన్నాడు. సరేనని గేటు బయట రోడ్డు మీద నిలబడినాను. మేస్త్రీ వచ్చి పొమ్మంటే, "రోడ్డు నీ అబ్బదా అప్పా?" అన్నాను. పోలీసులను పిలుస్తానని ఓనరు అరిచినాడు. "పిలువు సామీ. ఏమని చెప్తావు? ముండమోపి నిలబడిందనా?"

అప్పుడు లోపలుండే పెద్దామె, ఈల ఊదగానే వెనక్కి పోకుండా గేటు కాడికి వచ్చి నిలబడింది. మర్నాడు ఇంకో ఇద్దరు. తర్వాత అందరూ. ఏరి ఏరి విధవలను చేర్చుకున్నది ఎవరు? వాడే గదా. ఇప్పుడు యాడికని దాస్తాడు? పూల వ్యాను గేటు దాటేసరికి పొద్దెక్కుతుంది, పూలు వ్యానులోనే విచ్చుకుంటాయి. డ్రైవరు తల బయట పెట్టి, "అక్కలారా, నాకేం పట్టింపు లేదు. ఓనరే రివర్సు వేయమంటా ఉండాడు" అని నవ్వేవాడు.

క్రిష్ణగిరిలో వాని చుట్టాల పెండ్లి. పొద్దున్నుంచి బయలుదేరతాడు, వెనక్కి పోతాడు. కడాకు కారు వదిలేసి తెల్లచొక్కాతో నడిచి వచ్చినాడు.

"ఏం కావాల నీకు?"

"పరదాలు చుట్టాల. ఎండ నెత్తి మీద ఉన్నంతసేపు మమ్మల్ని నీడలో కూర్చోనియ్యాల. ఎవరన్నా పడిపోతే కోల్డ్ రూం తెరవాల."

"సరే, జరుగు."

"అంత బిరీన కాదు సామీ. ముందు లోపలికి రా. పరదాలు దించే ఉండాయి. ఒక వరస పూలు కోసి పో."

నవ్వినాడు. నేను నవ్వలేదు. కత్తెర చేతికిచ్చినాను. పెండ్లికి పొద్దు మించిపోతా ఉందని వాడు లోపలికి పోయినాడు. మేమందరం షెడ్డు తలుపు కాడ నిలబడినాము. సగం వరస కూడా కాలేదు, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కండ్లు తిరిగి ఇనుప కమ్మి పట్టుకొని, చెయ్యి కాలి, వదిలేసినాడు. తూలుకుంటా తలుపు కాడికి వచ్చినాడు. నేను బయటి నుంచి తలుపు పట్టుకున్నాను.

"తియ్యమ్మా!"

"దుమ్ము పడుతుంది సామీ. పూలు చెడిపోతాయి."

"అమ్మా, తియ్యమ్మా..."

పట్టుకున్నాను. వాన్ని చంపాలని అనుకోలేదు. అనుకోలేదని ఒట్టు కూడా వెయ్యను. పెద్దామె నా వేళ్లు ఒకటొకటి విడదీసింది. వాడు బయటపడి నేల మీద కూర్చొని, మేస్త్రీని చూసి పరదాలు చుట్టమని చెయ్యి ఊపినాడు.

ఇప్పుడు పరదాలు పైనే ఉంటాయంట. ఆడోళ్లు మధ్యాహ్నం నీడలో కూర్చుంటారంట. మంచిది. నన్ను పనికి రమ్మన్నారు, పోలేదు. ఎండ ఎక్కక ముందే నా తోడికోడల్ని తోడు తీసుకొని పోయి ఆ గేటు ఎదురుగా నిలబడతాను. వణికే దాని చెయ్యి నా చేతిలో ఉంటుంది. కారు చూస్తే అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

మొన్న వాడు తోటకు వెనక పక్క కొత్త గేటు పెట్టించినాడు. ఆ దోవ యాడికి వచ్చి రోడ్డులో కలుస్తుందో నేను చూసి పెట్టుకున్నాను.