మామ బిగించిన బెల్టు

నిన్న సోలాపూర్ నీలం నగర్‌లో మా మామ కొడుకు ఇంటికి వెళ్లాను. మగ్గం మీద పడుగు బిగువుగా నిలవడానికి వెనక ఏదో బరువు వేలాడుతోంది. ఇనుప ముద్ద అనుకుని వంగి చూస్తే డైనమో. మామ పికప్ బండిది. లోకంలో డైనమోలు కరెంటు పుట్టిస్తాయి. మా మామది మాత్రం ఇన్నేళ్లుగా చద్దర్లు నేయిస్తోంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన బండి చేతులు మారి మారి సోలాపూర్ చేరేసరికి, ఉన్న రెండు గుంట మగ్గాలూ అమ్మి దాన్ని కొన్నాడు. “గుంటల కాళ్లు వెట్టి కూసునే బతుకు ఇగ చాలు” అన్నాడు. సావుకార్ల చద్దర్ల మూటలు రైలు స్టేషన్‌కు చేరవేయాలని లెక్క. బండి నడిస్తే మామ గుంటలోంచి లేచినట్టు, నడవకపోతే పరాయి మగ్గం ముందు కూలికి కూర్చున్నట్టు. వాడంతా వచ్చి దండ వేసి నిమ్మకాయలు తొక్కించింది. బండి కంటే దండ గట్టిగా ఉందని నేనన్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఎవరు దేనికి కళ్లనీళ్లు పెట్టుకున్నా అందులో ఉప్పు ఎంతుందో చెప్పడమే నా పని.

నెల తిరగకుండానే బండి పొద్దున్నే లేవడం మానేసింది. దేవుడి రథం తర్వాత మా వాడ అంతగా తోసింది దాన్నే. కొంతం చౌక్‌లో బ్యాటరీ చార్జింగ్ చేయిస్తే రెండో రోజుకే చల్లబడేది. బ్యాటరీ చచ్చిందని అందరూ తేల్చేశారు. మామ ఒప్పుకోలేదు. “పోగు తెగితె మగ్గం మారుస్తమా?” అని బ్యాటరీ మొనలకు పట్టిన తెల్లటి చిలుము వేణ్నీళ్లతో కడిగాడు. తెగిన పోగును వెతికినట్టు ప్రతి వైరునూ ఈ చివరినుంచి ఆ చివరిదాకా వేళ్లతో తడిమాడు. అన్నీ బాగానే ఉన్నాయి. నన్ను ఇంజను రేజ్ చేయమన్నాడు. బెల్టు కీచుమంది, చార్జింగ్ ముల్లు మైనస్ వైపే పడుకుంది. ఇంజను ఆపించి, డైనమోను తిప్పే ఆ బెల్టు మీద బొటనవేలు పెడితే రెండంగుళాలు దిగింది.

“దొరికింది అల్లుడా! పడుగు ఢీల పడ్డది!”

నిజమే. బెల్టు జారుతుంటే డైనమో సరిగ్గా తిరగదు, బ్యాటరీ నిండదు. మామ బోల్టు వదులు చేసి, మగ్గం కర్రతో డైనమోను వెనక్కి ఎగదన్ని, మళ్లీ బిగించాడు. వేలితో మీటితే బెల్టు తంబురాలా మోగింది. ఇంజను మళ్లీ వేస్తే ముల్లు ప్లస్ వైపు వాలింది. అత్త బీడీల చాట పక్కన పెట్టి లేచి వచ్చింది.

అటుగా పోతున్న మెకానిక్ ఉస్తాద్ ఆగి, ఇంజను ఆపించి, బెల్టు ఒత్తి చూశాడు. “గింత టైట్ వద్దు భాయ్. అరంగుళం దిగాలె. లేకుంటె డైనమో బేరింగ్ ఖరాబ్ అయితది.”

“ఢీల పడుగు మీద చద్దర్ ఎవడన్న నేస్తడా ఉస్తాద్?” అన్నాడు మామ. కానీ వదులు చేద్దామన్నట్టు చెయ్యి బోల్టు మీదికి వెళ్లింది. నేను చూశాను. సరిగ్గా అప్పుడే నా నోరు ఊరుకోలేదు.

“ఉస్తాద్, నీ పైజామ నాడ గూడ అరంగుళం ఢీలనేనా?”

వాడంతా గొల్లున నవ్వింది. మామ కూడా నవ్వి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఉస్తాద్ చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. నేను వేసిన జోకుల్లో అంతగా పండింది మరొకటి లేదు.

నాలుగో రోజు బండి నిండా మూటలతో స్టేషన్‌కు బయల్దేరాం. సగం దారిలో డైనమో గీపెట్టింది, పొగ వచ్చింది, బేరింగ్ పట్టేసి బెల్టు తెగింది. ఇంజనును చల్లబరిచే ఫ్యానూ, నీళ్ల పంపూ ఆ బెల్టు మీదే. గూడ్సు దాటిపోతుందని మామ ఆపలేదు. స్టేషన్ గేటు కనిపిస్తుండగా ఇంజను బిగుసుకుపోయింది. మూటలు ఎడ్లబండి మీద చేరేసరికి గూడ్సు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ సావుకారూ మామకు మూట ఇవ్వలేదు. బండి తుక్కుకు పోయింది. డైనమో ఒక్కటే మామ ఉంచుకున్నాడు.

మామ పరాయి షెడ్డులో మగ్గానికి వెళ్లిన మొదటిరోజు, అత్త బీడీ చుడుతూ తల ఎత్తకుండానే అంది: “ఏందల్లుడా, ఒక జోకు చెప్పరాదు?”



మామ నన్నెన్నడూ ఏమీ అనలేదు. ఆయన పడుగంత బిగువు ఎవరికీ రాదని షెడ్డు యజమాని మెచ్చుకునేవాడు. ఆ బోల్టు మీద ఆయన చెయ్యి పెట్టింది నేను చూశానని చెప్పడానికి, ఆయన పోయేదాకా ముప్పై ఏళ్లు టైముండింది. రేపు చెబుదామనుకుంటుండగానే అవి అయిపోయాయి.