సాక్ష్యంలో గోలీల వాటా

మా అత్తమ్మకు టీబీ తగ్గింది. ఎవరు తగ్గించారన్న దాని మీద కట్టంగూరులోని మా ఇంట్లో వారం రోజులు యుద్ధం నడిచింది.

నాకు దేవుడు లేడు. కోస్గి దగ్గర కూలి చేసి నన్ను చదివించిన మా నాయినకూ లేడు. ఈ విషయంలో నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమూ లేదు, భయమూ లేదు. పెళ్ళిచూపుల్లోనే ఈ మాట చెప్పేశాను. అత్తమ్మ చర్చి మనిషి. "లేకుంటే లేకపాయె, అన్నం వండొస్తదా?" అని మాత్రం అడిగింది. అదీ అప్పుడు నాకు అంతంతమాత్రమే.

ఆరు నెలలు పొద్దున్నే నేను గోలీలు చేతిలో పెడితే ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి మింగేది. ప్రార్థన పొడుగైతే నేను పాఠాలు చెప్పే బడికి పోయే బస్సు తప్పిపోయేది.

"ముందు మింగు అత్తమ్మా, ప్రార్థన తర్వాత చేసుకో."

"గోలీకి బలం ఎవలిచ్చిన్రు?"

"కంపెనోళ్ళు."

"కంపెనోళ్ళకు తెలివి ఎవలిచ్చిన్రు?"

"వాళ్ళకు చదువు చెప్పిన సార్లు."

"ఆ సార్లకు?"

ఇట్లా వెనక్కి వెనక్కి పోయి ఆదాము దగ్గర ఆగేవాళ్ళం.

తగ్గింది కాబట్టి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాలి. మేలు పొందినవాళ్ళు లేచి, దేవుడు తమకేం చేశాడో అందరి ముందు చెప్పడమన్నమాట. అందులో గోలీల ఊసు ఉండదు. మామూలుగా అయితే వదిలేద్దును. కానీ మా వాడకట్టులో ఒక పిల్ల, చంటిబిడ్డ తల్లి, నెల రోజులుగా అదే దగ్గు దగ్గుతూ చిక్కి సగమైంది. దవాఖానకు రమ్మంటే ప్రార్థన నూనె రాసుకుంటున్నానంటుంది. దేవుణ్ణి నమ్మనిదాని మాట ఆమెకు ఎక్కదు. అత్తమ్మ మాటంటే గురి. ఒట్టి ప్రార్థనతోనే తగ్గిందని అత్తమ్మ చెబితే ఆ పిల్ల ఇక దవాఖాన గడప తొక్కదు.

"గోలీల సంగతి గూడ చెప్పు" అన్నాను.

"దేవుని మహిమల గోలీలకు వాట పెట్టాల్నా?"

"పెట్టు. రేపు ఆ పిల్ల సచ్చిపోతే అది ఎవల మహిమ?"

అత్తమ్మ విసవిసా లోపలికి పోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నా కుందేలుకూ అన్నేలెండి. అత్త మీది కోపం దుత్త మీద తీయడం ఊరికే పుట్టిన సామెత కాదు. ఆ రోజు మా పప్పు గిన్నెకు సొట్ట పడింది.

ఆదివారం నేనూ చర్చికి పోయాను. నన్ను చూసి పాస్టరయ్య సంతోషపడ్డాడు. పాపం, ఆయన సంతోషం చెడగొట్టడమెందుకని మాట్లాడకుండా చివర కూర్చున్నాను. ఆ పిల్ల ముందు వరసలో కొంగు నోటికడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

అత్తమ్మ మైకు పట్టుకుంది.

"నా కోడలికి దేవుడు లేడు. మీకందరికి ఎర్కనే. ఆరు నెలలు నాతోని గోలీలు మింగిచ్చింది. కడుపుల తిప్పుతాంది, వద్దంటే కొట్లాడి మింగిచ్చింది. దవాఖానకు తనే తోలుకపోయింది. నమ్మనోళ్ళతోని గూడ ప్రభువు గిట్ల పని చేపిచ్చుకుంటడు. ఆయనకు స్తోత్రం."

అందరూ స్తోత్రం అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కొట్లాడింది నేను, బస్సులు పోగొట్టుకున్నది నేను, పేరు ఆయనకు! పైగా సాక్ష్యానికి ఎదురు మాట్లాడే పద్ధతి లేదు. వాదనలో అత్తమ్మ గెలిచిందని ఇప్పటికీ ఒప్పుకోను. నాకు నోరు లేని జాగా చూసి కొట్టింది, అంతే.

బయట చెప్పులు వెతుక్కుంటుంటే ఆ పిల్ల బిడ్డను చంకనేసుకుని వచ్చింది.

"అక్కా, నన్ను గూడ దవాఖానకు తోలుకపోతవా? నిన్ను ప్రభువే పంపిండంట గద."

అవునంటే అయిపోయేది. అత్తమ్మ పక్కనే నిలబడి నా నోటి వైపు చూస్తోంది. ఇన్నేళ్ళలో ఆమె నాకు భయపడడం అప్పుడే చూశాను. నా వాదన కోసం ఈ పిల్లను ఎక్కడ వెనక్కి పంపిస్తానోనని ఆమె భయం. భయం నాకూ ఉంది. అయినా నాకు తెలిసిన నిజాన్ని దాచి ఎవరినీ ఎక్కడికీ తీసుకుపోలేను.

"నన్ను ఎవ్వలు పంపలేదమ్మా. నేనే వస్తున్న. రేపు పొద్దుగాల తయారుగుండు" అన్నాను.

ఆ పిల్ల నన్నూ అత్తమ్మనూ మార్చి మార్చి చూసింది. ఏదో అనబోయేసరికి దగ్గు తెర వచ్చింది. బిడ్డను నా చేతుల్లో పెట్టి, పక్కకు తిరిగింది.