మా ఆయన తాగడు

పాస్టరు అయ్యగారి ఎర్ర పెన్ను కింద నుంచి తిరిగొచ్చేసరికి నా పుస్తకంలో మా ఆయన తాగుబోతు అయిపోయాడు. నేను తాగిన ప్రతి చోటా ఆయన తాగుతున్నాడు. బియ్యం డ్రమ్ములో నేను దాచిన సీసా ఆయన దాచాడు. ఏడో తరగతి పిల్లల ముందు సుద్దముక్క పట్టుకోలేక వణికిన నా చేతులు ఆయన చేతులయ్యాయి, అదీ స్టీరింగు మీద. నేనేమో మోకాళ్ల మీద ఉన్నాను, ఉపవాసంతో, ఏడుస్తూ. చివరి పేజీలో ఒక ఆదివారం ఆరాధనలో ఆయనకు తాగుడు నుంచి విడుదల దొరికింది. మానేశాక నేను మళ్లీ తాగిన రెండు సందర్భాలనూ అడ్డంగా కొట్టేశారు.

మా ఆయన జీవితంలో చుక్క ముట్టలేదు. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడాది నుంచి అక్కడ క్యాబ్ నడుపుతున్నాడు. నేను దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. తాగింది నేను. మూడేళ్లు తాగాను, ఆ తర్వాత మానడానికి ఏడాదిన్నర పట్టింది, అదంతా 2013లో కూర్చుని రాశాను.

మా సంఘంలో సాక్ష్యం చెప్పడం మామూలే. ఆదివారం ప్రసంగానికి ముందు ఒకరు లేచి, జ్వరం తగ్గిందనో ఉద్యోగం దొరికిందనో, దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. బాగున్నవాటిని అయ్యగారు చిన్న పుస్తకాలుగా అచ్చువేయించి గుమ్మం పక్కన టేబుల్ మీద పెడతారు. నాదీ వేయిద్దామన్నారు. చదవకముందు అన్న మాట అది.

"అయ్యగారూ, ఇదేంది?" అన్నాను, వందనాలు కూడా చెప్పకుండా.

ఆయనది గుంటూరు వైపు. ఎదుటివాళ్లు అరిచినా 'అండీ' వదలరు. "మీ మంచికేనండి, సిస్టర్. మగాడు తాగాడంటే జనం జాలిపడతారు. ఆడమనిషి తాగిందంటే పుస్తకం ముట్టుకోరండి. పైగా మీరు టీచరు గారు."

"అబద్ధ సాక్ష్యం చెప్పొద్దని మీరే గద చెప్పేది?"

"అబద్ధం ఏముందండి ఇందులో? ఇంట్లో తాగుడు ఉంది, పోయింది. అది ఎవరి గొంతులోకి వెళ్లిందన్నది చిన్న వివరం."

"మరి మళ్ల రెండుసార్లు తాగిన. అదెందుకు కొట్టేసిండ్రు?"

"సాక్ష్యంలో మళ్లీ పడిపోవడం ఉండదండి. విన్నవాళ్లు నిరాశపడతారు."

"పడనియ్యండి. నేను పడలేదా?"

కాగితాలు లాక్కుని వచ్చేశాను. చిన్న వివరమట! ఆ వివరం నా కడుపులో పుండై కూర్చుంది. ఆ వివరం వాంతి చేసుకుంది, పరీక్ష పేపర్లు దిద్దకుండానే మార్కులు వేసింది, సొంత చెల్లెలి పెళ్లిలో వంటగది వెనక పడి నిద్రపోయింది. అది కాస్తా ఇప్పుడు మా ఆయన ఖాతాలోకి పోవాలి, నేను కన్నీళ్ల భార్యగా అట్ట మీద నిలబడాలి. ఇల్లు చేరేదాకా ఆటోలో నాలో నేనే గొణుక్కున్నాను. డ్రైవరు రెండుసార్లు అద్దంలో చూశాడు.

ఇది కొత్తగా జరిగిందైనా బాగుండేది. నన్ను చేర్చుకున్న డీ-అడిక్షన్ సెంటర్లోనూ ఇదే తంతు. కౌంటర్లో మనిషి తల ఎత్తకుండా "పేషెంటు ఎక్కడ?" అన్నాడు. నేనే అన్నాను. అతను తల ఎత్తి, నన్ను దాటి, నా వెనక సంచి పట్టుకుని నిలబడ్డ మా ఆయనను చూసి, రిజిస్టర్లో ఆయన పేరు రాసేసుకున్నాడు. కొట్టేయించి నా పేరు రాయించడానికి నేను పోట్లాడాల్సి వచ్చింది. తాగుబోతునని ఒప్పించడానికి పోట్లాట! బీపీ మిషన్ తెచ్చిన నర్సమ్మ కూడా మొదట పట్టీ ఆయన చేతికే చుట్టబోయింది.

అయ్యగారి దగ్గర్నుంచి వచ్చిన ఆ మధ్యాహ్నం మా ఆయన ఇంటి ముందు కారు కడుగుతున్నాడు. ఎర్రగీతల కాగితాలు ఆయన ముందు పెట్టాను.

"సదువు."

తడి చేతులు లుంగీకి తుడుచుకుని నిలబడే చదివాడు. నాలుగు పేజీలు తిప్పి నవ్వాడు. "అయ్యగారు నాతోని మంచిగనే తాగిపిచ్చిండు గద."

"నవ్వుతున్నవా?"

"మరేం జేయాలె? ఉండనియ్యవే. నా ప్యాసింజర్లు గీ బుక్ సదువుతరా ఏంది? నీ నౌకరి ఉంటది, అయ్యగారి మాట ఉంటది."

"తాగనోనివి తాగుబోతువైతవా? సిగ్గు లేదా నీకు?"

ఆయన పైపు అందుకుని టైరు మీదికి నీళ్లు వదిలాడు. "కొత్తగ అయ్యేదేముంది? ఆరాంఘర్ల ఎప్పుడో అయిన గద."

నేను గుమ్మం మెట్టు మీద కూర్చున్నాను.

ఆరాంఘర్ సంగతి నేను పుస్తకంలో ఒక్క ముక్కా రాయలేదు. శంషాబాద్‌లో కొంటే ఎవరో ఒక పిల్ల తండ్రి కంటపడతానని, స్కూలు వదిలాక బస్సెక్కి ఆరాంఘర్ చౌరస్తాలో దిగేదాన్ని. అంత రద్దీలో ఎవరు ఎవరిని పట్టించుకుంటారు? కానీ వైన్స్ కౌంటర్ ముందు ఆడమనిషి నిలబడితే అందరూ పట్టించుకుంటారు. మొదటి రోజు నోరు దానంతటదే అంది, "మా ఆయనకు." ఇక మూడేళ్లు అదే మాట. షాపతను పాపం మంచివాడే. "అక్కా, అన్నకు జర తగ్గియ్యమని చెప్పు, లివర్ కరాబైతది" అనేవాడు. నేను తల ఊపి, నిట్టూర్చి, సీసా సంచిలో వేసుకునేదాన్ని. ఆ నిట్టూర్పు కూడా బాగా సాధన చేశాను.

తాగడం మొదలైన ఏడాదికి ఒక సాయంత్రం అక్కడే రోడ్డు పక్కన మా ఆయన కారు ఆపితే ఎక్కాను. షాపతను చూశాడు. మర్నాడో ఆ మర్నాడో మా ఆయన అక్కడ చాయ్ తాగుతుంటే వచ్చి నలుగురిలో పట్టుకున్నాడట. "ఏమన్నా, ఆడిమనిషిని వైన్స్ కాడికి పంపుతవా? ఇజ్జత్ లేదా నీకు? కావాలంటే నువ్వొచ్చి తీస్కపో" అని.

అదంతా ఆయన టైరు కడుగుతూనే చెప్పాడు. "మరి నువ్వేమన్నవ్?" అన్నాను.

"ఏమంట? సరే తమ్మీ, ఇగ నేనే వస్త అన్న."

"గప్పటిసంది తెలుసా నీకు? తెలిసి రెండేండ్లు ఊకున్నవా?"

"అడిగితే నువ్వు ఊకుంటుంటివా? లొల్లి పెట్టి ఇల్లిడిసి పోతుంటివి. పోతే యాడ పడుతవో అని ఊకున్న."

ఆ రోజు ఆయనను తిట్టినట్టు ఎప్పుడూ తిట్టలేదు. ఒక్కసారైనా చెంప పగలగొట్టినట్టు అడిగి ఉంటే రెండేళ్ల ముందే మానేదాన్నేమో అన్నాను. ఏమో, మానేదాన్ని కాదేమో. ఆయన మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. నా అబద్ధాన్ని సంచిలాగా తన భుజానికి తగిలించుకుని, బరువు లేదన్నట్టు తిరిగాడు.

మూడు రోజులు ఎర్ర పెన్ను పేజీలు మళ్లీ మళ్లీ చూశాను. అయ్యగారిని ఎన్ని మాటలన్నానో అన్నీ నాకే తగులుతున్నాయి. ఆయన కొత్తగా కల్పించిందేమీ లేదు. మూడేళ్లు కౌంటర్ ముందు నేను చెప్పిన కథనే కాస్త భక్తి కలిపి రాశారు. తాగుడు మానానని నూట పది పేజీలు రాసినదాన్ని, ఆ ఒక్క అబద్ధాన్ని మానకుండా దాటేశాను.

నాలుగో రోజు మొదటి పేజీ చించి కొత్తది రాశాను. 'మా ఆయన తాగడు' అని మొదలుపెట్టి, వైన్స్ షాపు, నా నిట్టూర్పు, చాయ్ దగ్గర నలుగురిలో ఆయన తిన్న తిట్లు, అన్నీ.

అయ్యగారు చదివి, కాగితాలు నా వైపు జరిపి, "దీన్ని సంఘం టేబుల్ మీద పెట్టలేనండి" అన్నారు. పెట్టకండి అన్నాను. పట్నంలో ఒక చిన్న ప్రెస్సులో వేయించాను. పుస్తకం వచ్చిన వారానికే స్కూలు కరస్పాండెంట్ పిలిచి, పేరెంట్స్ అడుగుతున్నారు మేడం అన్నాడు. "మూడేండ్లు తాగి పాఠం చెప్పిన, ఎవ్వలు అడగలే. ఇప్పుడు తాగకుంట చెప్తుంటే అడుగుతున్నరా?" అన్నాను. ఆ నెలతో ఉద్యోగం పోయింది. మామిడిపల్లిలో మా వరండాలోనే ట్యూషన్లు పెట్టుకున్నాను.

2014 వానాకాలంలో ఒకామె గేటు దగ్గరికి వచ్చింది. బడంగ్‌పేట్ నుంచట. చేతిసంచి గుండెకు హత్తుకుని ఉంది. దగ్గరికి వచ్చేసరికి లవంగం వాసన. తాగిన వాసన తెలియకుండా మూడేళ్లు నేను నమిలిన లవంగం.

"అక్కా, ఆ బుక్ ఉన్నదా? మా ఆయన కోసం."

కోపం సర్రున తలకెక్కింది. ఆమె మీదో, నా మీదో, ఆరాంఘర్ మీదో తెలియదు. ఒక కాపీ తెచ్చి చేతిలో పెట్టాను. "తీస్కపో. కానీ మొదటి పేజీ ఈడనే నిలబడి సదువు."

చదివింది. చదవడం అయిపోయినా పేజీ తిప్పలేదు.

"గిదంత రాస్తే మీ ఆయన ఏమన్లేదా?"

"ఎందుకనలే? నా బండి సిల్వర్ కలర్, తెల్లదని రాసినవేంది అన్నడు."

ఆమె నవ్వబోయింది, పూర్తిగా రాలేదు. పుస్తకం వైపే చూస్తూ, నాకు వినిపించీ వినిపించనట్టు అంది.

"మా ఆయన గూడ తాగడక్కా."

"తెలుసు" అన్నాను. "గేటేసి లోపలికి రా."