పిలుపోళ్ళు

మా అత్తగారికి గుడివాడలో తెలియని వంశం లేదు. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరి తాత ఎవరికి బావో కాఫీ చల్లారేలోగా చెప్పేస్తారు. నా దగ్గరే ఆగిపోయారు. "మీవాళ్ళు అసలు ఎక్కణ్ణుంచి వచ్చారమ్మా?" అని పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. ఈ మధ్య నా కూతురూ అదే అడుగుతోంది. దానికైనా ఒక జవాబు చెప్పాలనిపించింది.

మాది దివిసీమలో సముద్రం పక్కన చిన్న పల్లె. చేపలు పట్టేవాళ్ళలోనే మమ్మల్ని వేరుగా చూస్తారు, పిలుపోళ్ళంటారు. కొత్త పడవ నీళ్ళలోకి దించేముందు మాలో పెద్దామె సముద్రానికి వీపు తిప్పి, నేల వైపు చూసి, "ఇంకెవరన్నా ఉన్నారా?" అని కేకేస్తుంది. ఆ తర్వాత ఒడ్డున ఎవరూ నోరు విప్పకూడదు. పిల్లల మూతులు కూడా మూసేస్తారు. పడవలో ఒక బల్ల ఖాళీగా ఉంచుకుని వెళ్తారు. పూర్వం మనవాళ్ళు ఎవరినో వదిలేసి వచ్చారట, అందుకే ఇదంతా అని చెప్పేవాళ్ళు.

మొన్న బాబాయి కొత్త ఫైబర్ బోటు దించుతున్నాడని కబురొస్తే, అవనిగడ్డ దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో ఒక్కదాన్నే వెళ్ళాను. కేకెయ్యాల్సింది మా నాయనమ్మ. ఆవిడ ఉండగానే అడిగెయ్యాలని నా తొందర. పొద్దున్నే ఆవిడకి తల దువ్వుతూ అడిగాను.

"నాయనమ్మా, మనం ఎవర్ని వదిలేసొచ్చాం?"

"వదిలేసినోళ్ళు మనం కాదే. వాళ్ళలో ఎవరూ మిగల్లేదు. మనమంతా పలికినోళ్ళం."

అర్థం కాలేదన్నాను.

"డెబ్బయ్యేడుది కాదు, దానికి ముందొచ్చిన ఉప్పెన తర్వాత పడవ దించుతా కేకేశారు. సరుగుడు తోటలోంచి నేను పలికాను. ఎక్కించుకున్నారు. మీ తాత కూడా అంతే, అంతకుముందెప్పుడో పలికాడంట. పలికినోళ్ళని ఎవరని అడక్కూడదు. అది మన కట్టు."

"మరి ఒడ్డున ఉన్నవాళ్ళని పలకొద్దంటారెందుకు?"

"పలికితే అప్పటిదాకా ఉన్నదంతా పోద్ది."

"అంతకుముందు నువ్వెవరివి?"

"ఏమో. ఉన్నానని పలికిందే గుర్తు," అంది. దువ్వెన కింద ఆవిడ జుట్టు తడిగా తగిలింది. ఆ రోజు ఆవిడ తలస్నానం చెయ్యలేదు. నాకు భయమేసింది, ఇంకేమీ అడగలేదు.

ఎండెక్కేసరికి అందరం ఒడ్డుకి చేరాం. మగవాళ్ళు బోటుకి భుజాలానించి ఆగారు. నాయనమ్మ సముద్రానికి వీపు తిప్పింది.

"ఇంకెవరన్నా ఉన్నారా?"

సరుగుడు తోట మీద గాలి కూడా ఆగింది. నేను మూతికి చీరకొంగు అడ్డం పెట్టుకునే ఉన్నాను. కానీ ఆ కేక నాకోసమే అనిపించింది. నన్ను ఎవరూ ఎప్పుడూ అంత ఆత్రంగా పిలవలేదు. గొంతు దానంతటదే కదిలింది.

"ఉన్నాను," అన్నాను.

ఎవరూ తిట్టలేదు. పక్కనున్న పిల్లలు మాత్రం దూరం జరిగారు. పొద్దున తల దువ్విన మనవరాలినన్న గుర్తు నాయనమ్మ కళ్ళలో ఎక్కడా లేదు. చిన్నప్పుడు నన్ను భుజానేసుకుని తిప్పి, ఏనాడూ "ఏమే" అని తప్ప పిలవని బాబాయి బోటులోంచి వంగి చెయ్యందించాడు. ఖాళీ బల్ల చూపించాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు మర్యాదగా. నేనెవరినని అడగలేదు.